ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు

బెల్‌ఫోర్డ్,
మార్చి 4

ఒరే క్లీ,

నిలబడి ఉంటే కూర్చో. కూర్చుని ఉంటే గట్టిగా పట్టుకో. నా పేరు వచ్చిందిరా! హౌసింగ్ ఆఫీసు లిస్టులో నా పేరు వచ్చింది!

ఆ లిస్టులో చేరి నాలుగేళ్ళు. అప్పట్లో వాళ్ళు దరఖాస్తులు తీసుకున్నది ఒక్క వారమే. మళ్ళీ తలుపు మూసేశారు, ఇప్పటిదాకా తెరవలేదు. ఈలోపు మూడిళ్ళు మారాను. మారిన ప్రతిసారీ మంచం దించకముందే వెళ్ళి కొత్త అడ్రసు చెప్పి వచ్చాను. ఎదురింటి వెల్మా అలా చెప్పక, వాళ్ళు పంపిన ఉత్తరం తిరిగి వెళ్ళిపోయింది. దాంతో ఆవిడ పేరు తీసేశారు. ఇప్పుడు నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటోంది, ఆ ఉత్తరం నేనే తినేసినట్టు.

లిస్టులో పేరొస్తే ఇచ్చే వోచరంటే ఏమిటని అక్కడ జైల్లో ఎవరైనా అడిగితే ఇలా చెప్పు. ఇల్లు మనమే వెతుక్కోవాలి. అద్దెలో మన జీతానికి తగినంత మనం కడతాం, మిగతాది ఆఫీసు వాళ్ళు ఓనరుకి పంపుతారు. వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే నా జీతానికి ఈ ఊళ్ళో కోళ్ళగూడు కూడా రాదని నీకు తెలుసుగా. పెద్దమ్మ కూతురు కదా అని లూరీనక్క వెనకగదిలో తల దాచుకున్నాం గానీ, ఆ గదిలో తల్లీకూతుళ్ళం, నేనూ కెజాయా, ఒకేసారి ఒళ్ళు విరుచుకోలేం.

నిన్న చర్చి పెద్ద డీకన్ స్టాక్స్ గారు తన బండిలో ఆఫీసుకి తీసుకెళ్ళారు. మిసెస్ హగిన్స్ అని ఒకావిడ, ముక్కు మీద కళ్ళద్దాలు, ముఖం మీద నవ్వు మాత్రం లేదు. ఒక కాగితం ఇచ్చి 'ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లన్నీ రాయండి' అంది. నా పేరు రాశాను. కెజాయా పేరు రాశాను. అక్కడ చెయ్యి ఆగలేదురా. ప్రతి నెలా మొదటి ఆదివారం పాస్టరుగారు కుటుంబాలవారీగా పేర్లు పిలుస్తుంటే, ఊళ్ళో లేనివాళ్ళ బదులు ఇంట్లోవాళ్ళు 'ఉన్నాడు' అనాలి కదా. సైన్యంలో ఉన్నా సరే, ఆసుపత్రిలో ఉన్నా సరే. అమ్మ పోయిన దగ్గర్నుంచీ క్లియోఫస్ బాటిల్ అని పిలిస్తే 'ఉన్నాడు' అంటున్నది నేనేగా. ఆ అలవాటే. మూడో పేరు నీది రాసేశాను.

హగిన్స్ చూసి 'ఈయన ఇప్పుడు ఎక్కడున్నారు?' అంది.

'దార్లో ఉన్నాడు' అన్నాను.

ఆవిడ ఏదో రాసుకుంది. పెరోల్ వస్తే జూన్ తర్వాత ఎప్పుడైనా రావచ్చుగా, తప్పేముంది? నీ అడ్రసు గురించి ఇక బెంగ పెట్టుకోకు.

నీ అక్క,
ఆర్డీలియా

---

జైలు నుంచి,
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం చదివి గట్టిగా అరిచాను. గార్డు వచ్చి ఎవరు పోయారని అడిగాడు. మా అక్కకి ఇల్లు వచ్చిందన్నాను. ఆయన కూడా అద్దె కొంపలోనే ఉంటాడట, పాపం, ఆ ఆఫీసు ఎక్కడని అడిగాడు.

పక్క మంచం ప్యూర్విస్ గారికి కూడా చదివి వినిపించాను. ఆయనకి డెబ్భై దాటాయి. ఇక్కడే ఇన్నేళ్ళుగా ఉండి ఉండి సగం లాయరైపోయాడు. మిగతా సగమే కాస్త ప్రమాదం. 'ఒరే అబ్బాయ్, పెరోల్ బోర్డు వాళ్ళు మొట్టమొదట అడిగేది బయటికెళ్ళి ఎక్కడ పడుకుంటావనే. గవర్నమెంటు వాళ్ళు అద్దె కట్టే ఇల్లంటే ఇంక చూస్కో, గవర్నమెంటే హామీ ఉన్నట్టు' అన్నాడు. వెంటనే నా పెరోల్ కాగితంలో 'అక్క ఆర్డీలియా ఇల్లు, హౌసింగ్ ఆఫీసు ద్వారా' అని రాయించాను. ఇల్లు ఇంకా చూసుకోలేదు కాబట్టి ఇప్పటికి లూరీనక్క అడ్రసే ఇచ్చాను. ఒక ఆఫీసరు వచ్చి చూసి వెళ్తాడట.

నాకు గది వద్దు. ముందుగదిలో సోఫా చాలు. సోఫా లేకపోతే సోఫా ఉండాల్సిన చోటు చాలు. వంటిల్లు మాత్రం నాది. ఇక్కడ వంటశాలలో పెట్టే చిక్కుడు గింజలు అమ్మ చూసి ఉంటే వంటవాణ్ణి గరిటెతో కొట్టి ఉండేది. నేను వచ్చాక పొద్దున్నే మొక్కజొన్న జావ, సాయంత్రం చేపల వేపుడు, ఆదివారం ఆకుకూరలో పంది మాంసం ముక్క. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చో. కెజాయాకి లెక్కలు నేను చెప్తాను. నవ్వకు. ఇక్కడ పరీక్ష పాసయ్యాను.

ఇంతకీ ఆ డీకన్ స్టాక్స్ ఎవరు? కొత్తగా వింటున్నాను.

నీ తమ్ముడు,
క్లీ

---

బెల్‌ఫోర్డ్,
ఏప్రిల్ 6

తమ్ముడూ,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పని ఎక్కువగా ఉంది. ఉతికే మిషన్లలో ఒకటి పాడైంది. బాగు చేసేవాడు వస్తాడు, చూస్తాడు, తల ఆడిస్తాడు, వెళ్తాడు.

హౌసింగ్ ఆఫీసు వాళ్ళు ఇంకా కాగితాలు చూస్తున్నారు. వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. ఇంకొన్ని వారాలు పట్టచ్చు.

లూరీనక్క సంగతి నీకు తెలిసిందే. ఇంట్లో టీవీ, ఆవిడ నోరు, రెండూ ఒకేసారి మోగుతుంటాయి. కెజాయా హోంవర్కు ఎక్కడ చేస్తోందో తెలుసా? స్నానాలగదిలో, ఎండు తొట్టెలో దిండు వేసుకుని కూర్చుని. తలుపు గడియ వేసుకోగలిగింది ఇంట్లో అదొక్కటేనట. ఎవరైనా తలుపు కొడితే పుస్తకాలన్నీ సర్దుకుని బయటికొచ్చి నిలబడి, వాళ్ళ పని అయ్యాక మళ్ళీ వెళ్తుంది. పదేళ్ళ పిల్ల, ఒక్కసారి కూడా విసుక్కోదు. విసుక్కుంటే బాగుండుననిపిస్తుంది నాకు.

ఒకమాట. నీకు ఇంకెక్కడైనా ఉండటానికి చోటు ఉందా? చిన్నాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు కదా. ఊరికే అడుగుతున్నా.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క

---

జైలు నుంచి,
ఏప్రిల్ 17

అక్కా,

'ఊరికే అడుగుతున్నా' అన్నావు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఏదైనా ఊరికే అడిగావా?

చిన్నాన్న కొడుక్కి నా ముఖం గుర్తుండదు. పైగా పెరోల్ మీద వెళ్ళేవాణ్ణి రాష్ట్రం దాటనివ్వరు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసీ అడిగావంటే వెనక ఏదో ఉంది.

కిందటి ఉత్తరంలో డీకన్ ఎవరని అడిగాను. దానికి జవాబు లేదు. మిషన్ గురించి రాశావు, టీవీ గురించి రాశావు, డీకన్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. చూడు, నువ్వు పెళ్ళి చేసుకుంటే నాకన్నా సంతోషించేవాడు ఉండడు. కెజాయా తండ్రి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయింది! కానీ పెద్దమనిషి ఇంటికి జైలు తమ్ముడు వస్తే బాగుండదని ఆయన అంటున్నాడా? అదైతే ముఖాన చెప్పు. నాకు మాటలు పడటం అలవాటే.

ఆఫీసరు వచ్చే నెల లూరీనక్క ఇంటికి వస్తాడు. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉండేట్టు చూసుకో. నేను వచ్చి ఉండేది నీ దగ్గరేనని ఒక్క మాట చెప్తే చాలు. ఇంకేమీ అడగను నిన్ను.

క్లీ

---

బెల్‌ఫోర్డ్,
మే 2

ఒరే,

సిగ్గు లేదురా నీకు? డీకన్ స్టాక్స్ గారికి డెబ్భై రెండేళ్ళు. నోట్లో పళ్ళు ఆయనవి కావు, నడుముని నిలబెట్టేది డాక్టరిచ్చిన బెల్టు. నన్ను ఆఫీసుకి తీసుకెళ్తూ దారి పొడుగునా చనిపోయిన భార్య చేసే చిలగడదుంప 'పై' రుచి గురించి చెప్పి ఏడ్చారు. పెళ్ళట! ఈ మాట లూరీనక్క చెవిన పడితే రేపటికల్లా ఊరంతా నాకు పెళ్ళి గౌను కుడుతుంది.

నవ్వించావు, సరే. ఇక్కడ నవ్వు తక్కువగా ఉంది.

కెజాయాకి మళ్ళీ ఆయాసం వచ్చింది. ఈసారి ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. మా గది గోడకి వానలకి చెమ్మ పట్టి నల్లగా బూజు పట్టింది. బ్లీచింగ్ వేసి రుద్దుతాను, తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది. డాక్టరు పిల్లని చూసి, తర్వాత నన్ను చూసి, 'ఆ ఇల్లు మారండమ్మా' అన్నాడు. ఏదో మందు మార్చమన్నంత తేలిగ్గా. ముఖానికి మాస్కు పెట్టుకుని అది నాకేసి చూస్తూ ఉంది. ఊపిరి తీయడానికి పిల్ల భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి. నేను కథలు చెప్తూ కూర్చున్నాను. నా భయం దానికి తెలియకూడదని గట్టిగా మాట్లాడాను.

ఆఫీసులో ఒక మీటింగు ఉంది నాకు. అదయ్యాక వోచరు సంగతి తేలుతుంది. నువ్వు దిగులు పడకు. నీ ఆఫీసరు వచ్చే రోజు తెలిస్తే సెలవు పెడతాను.

అక్క

---

జైలు నుంచి,
మే 20

ఆర్డీలియా గారికి,

ఆఫీసరు చెప్పకుండా వచ్చాడు. వాళ్ళు చెప్పి రారట. మీరు డ్యూటీలో ఉన్నారు. లూరీనక్క గుమ్మంలో నిలబడి 'ఆ అబ్బాయి ఇక్కడికి రాడండీ, వాడి పేరెత్తితేనే మా చెల్లెలికి గొడవ' అని చెప్పిందట. ఆఫీసరు 'ఉండటానికి చోటు లేదు' అని రాసుకుని పోయాడు. ఆ కాగితం నాకు చూపించారు.

చోటు లేదన్నవాణ్ణి బోర్డు వదలదు. ఇంకో ఏడాది అంటారు, లేదా రెండు. ప్యూర్విస్ గారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నా పేరెత్తితే మీకు గొడవ అని నాకు ముందే చెప్పి ఉంటే, ఇంకెక్కడైనా చూసుకునేవాణ్ణి. మార్చిలో నా పేరు రాశానని ఎందుకు చెప్పారు? ఎప్పుడు కొట్టేశారు? ఆ మీటింగులోనా?

పిల్లకి ఎలా ఉందో ఒక ముక్క రాయండి చాలు. ఇంకేమీ రాయనక్కర్లేదు.

క్లియోఫస్

---

బెల్‌ఫోర్డ్,
మే 28

క్లీ,

నన్ను గారు అన్నావు. చదివి ఆ ఉత్తరం మడిచి, దుప్పట్ల బండి వెనక నిలబడి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి. అలాగే రాస్తున్నాను.

నిన్ను కొట్టేశానన్నావు. కొట్టెయ్యనందుకేరా వోచరు రాలేదు!

విను. మార్చి చివర్లోనే ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఉంటానన్న మనుషుల్లో ఒకరి మీద నేరం ఉంది కాబట్టి ఇవ్వం అన్నారు. నీ మందుల షాపు కేసు. లోపలికి వెళ్ళింది ఆ ఇద్దరు, బయట కారు స్టార్టు చేసి పెట్టుకు కూర్చున్నది నువ్వు, నీకు అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. అదంతా వాళ్ళ కాగితంలో ఉండదు. అక్కడ ఉన్నది దోపిడీ అన్న ఒక్క మాటే. అంతకుముందు నేను వాళ్ళకి రాసిచ్చినదీ ఒక్క పేరే. అడగని పేరు. నువ్వు బయటికి వచ్చాక అడిగి చేర్చుకోవాల్సిన పేరు. చర్చిలో చెయ్యాల్సింది తీసుకెళ్ళి ఆఫీసులో చేశాను. ఎవరూ చెయ్యరు అలా. నేను చేశాను.

కాదని చెప్పుకోవడానికి విచారణ ఉంటుందన్నారు. అదే నేను చెప్పిన మీటింగు. వెళ్ళాను. హగిన్స్ మంచిదే, నవ్వదు అంతే. 'అమ్మా, అతని పేరు కొట్టేసి, అతను నీ ఇంట్లో ఉండడని సంతకం పెట్టు. వోచరు ఈ వారమే ఇస్తాను. లేదంటే పైవాళ్ళు తేల్చాలి. ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఒప్పుకోకపోతే నీ పేరు లిస్టులోంచి పోతుంది' అంది. కలం కూడా నా ముందు పెట్టింది.

'వాడు ఎక్కడికి పోతాడు?' అన్నాను.

'అది ఈ ఆఫీసు పని కాదమ్మా' అంది. కటువుగా అనలేదు.

కలం ముట్టుకోకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి లూరీనక్కతో చెప్పాను. ఆవిడ నన్ను తిట్టింది, నిన్ను తిట్టింది, కన్నవాళ్ళని తిట్టింది. ఆఫీసరుతో అన్న మాట ఆ తిట్లలో మిగిలిన ముక్క. ఆవిడ మంచికే అన్నాననుకుంటోంది.

నీకెందుకు చెప్పలేదంటావా? చెప్తే ఏం చేస్తావో నాకు తెలుసు గనక. 'నన్ను కొట్టెయ్ అక్కా' అంటావు. నువ్వు అనేస్తే నేను ఒప్పేసుకుంటానేమోనని భయం. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్ల దగ్గుతుంటే ఆ కలం గుర్తొస్తోంది నాకు.

విచారణ ఇంకోసారి ఉంది, జూన్ 14న. అక్కడ గట్టిగా అడుగుతాను. న్యాయసహాయం ఆఫీసులో ఒక కుర్ర లాయరమ్మ చూస్తానంది. అవకాశం సగం సగం అంటోంది.

కెజాయా ఇంటికి వచ్చింది. బడికి వెళ్తోంది. ఇంకోసారి గారు అంటే జైలుకొచ్చి మరీ తంతాను.

అక్క

---

జైలు నుంచి,
జూన్ 5

అక్కా,

నన్ను కొట్టెయ్.

నేను అంటానని నీకు తెలుసుగా, అందుకే మొదట అదే రాశాను. ఇప్పుడు మిగతాది విను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నువ్వు నా కోసం రెండు నెలలు నోరు మూసుకుని కూర్చుంటే, నేను నీకు డెబ్భై రెండేళ్ళ ముసలాయనతో పెళ్ళి చేశాను. క్షమించు. డీకన్ గారిని కూడా క్షమించమను. ఎందుకో చెప్పకు.

దీంతోపాటు ఒక కాగితం పంపుతున్నాను. ఇక్కడి ఆఫీసు గుమాస్తా ముందు సంతకం పెట్టాను, ఆయన ముద్ర వేశాడు. 'నేను మా అక్క ఆర్డీలియా బాటిల్ ఇంట్లో ఉండను, ఉండే ఉద్దేశమూ లేదు' అని ఉంది అందులో. ప్యూర్విస్ గారు చెప్పిన మాటలు, నేను రాసిన చేతిరాత. రెండో ముక్క రాసేటప్పుడు ఆగిపోయాను. ఆయన 'అది లేకపోతే చెల్లదురా' అన్నాడు. రాశాను. ఆ ముక్క అబద్ధం. వాళ్ళకి కావల్సింది అదే గనక రాశాను.

నాకు చోటు దొరికింది. పక్క జిల్లాలో చర్చివాళ్ళ మిషన్ ఒకటి ఉంది. జైలు నుంచి వచ్చిన మగవాళ్ళకి మంచం ఇస్తారు, పని చూపిస్తారు. ప్రార్థనకి రాకపోతే భోజనం పెట్టరట. నిన్న ఫోను చేయించాను, మంచం ఖాళీ ఉందన్నారు. ఆఫీసరుకి ఆ అడ్రసే ఇచ్చాను. బోర్డుకి కావల్సింది ఒక అడ్రసు. అది నీదే అయ్యుండాలని పట్టుపట్టింది నేను.

సగం సగం అని రాశావు. కెజాయా ఊపిరి మీద సగం సగం పందెం వేస్తావా? నేను బయటికి వస్తే ముప్ఫై ఆరేళ్ళ మగాణ్ణి, ఎక్కడైనా పడుకుంటాను. అది పదేళ్ళ పిల్ల, తొట్టెలో కూర్చుని చదువుకుంటోంది. నా పేరు కొట్టేసినందుకు నేను లేకుండా పోను. నువ్వు కొట్టెయ్యకపోతే మాత్రం నిన్ను జన్మలో క్షమించను. నన్ను నేను కూడా క్షమించుకోలేను.

14 దాకా ఆగకు. రేపే వెళ్ళు.

నీ తమ్ముడు,
క్లీ

---

కాటన్ స్ట్రీట్, బెల్‌ఫోర్డ్,
ఆగస్టు 11

తమ్ముడూ,

పైన కొత్త అడ్రసు చూశావా? నాదే. నా పేరు మీదే.

ముందు నీ సంగతి. పెరోల్ వచ్చిందని ఫోనులో వినగానే ఉతికే మిషన్లు ఆపి అందరికీ చెప్పాను. ఆశ్రమంలో ముసలమ్మ ఒకావిడ ఎవరికి ఏమొచ్చిందో తెలియకుండానే చప్పట్లు కొట్టింది. ఈ ఉత్తరం నువ్వు మిషన్‌కి చేరేసరికి అక్కడ ఉండాలని ముందే పంపుతున్నాను. బయట మొదటి రోజున ఎవరో ఒకరి దగ్గర్నుంచి ఉత్తరం ఉండాలి కదా.

నీ కాగితం పట్టుకుని వెళ్ళిన రోజు హగిన్స్ అది చదివి పక్కన పెట్టింది. తర్వాత నా కాగితం తిప్పి, వేలితో చోటు చూపించింది. నీ పేరు మీద గీత గీశాను. సన్నగా గీస్తే 'స్పష్టంగా ఉండాలమ్మా' అంది. మళ్ళీ గీశాను. పక్కన నా సంతకం. అమ్మ శవపేటిక మూత వేసేటప్పుడు కూడా నా చెయ్యి అంత బరువెక్కలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. డీకన్ గారు పక్కన కూర్చున్నారు. ఆయన ఆ రోజు చిలగడదుంప 'పై' ఊసెత్తలేదు.

తర్వాత ఇంటి వేట. 'ఖాళీ ఉందండీ, రండి చూడండి' అంటారు. వోచరు అనగానే 'అయ్యో, పొద్దున్నే ఎవరికో ఇచ్చేశామే' అంటారు. 'టు లెట్' బోర్డు మాత్రం వారమైనా అలాగే వేలాడుతూ ఉంటుంది. ఇచ్చిన గడువులోపు ఇల్లు దొరక్కపోతే వోచరు వెనక్కి పోతుంది. అడగని ఇల్లు లేదు, ఎక్కని మెట్టు లేదు. చివరికి మిసెస్ పెటవే అని ఒక ముసలావిడ ఒప్పుకుంది. ఆఫీసు వాళ్ళ మొదటి తనిఖీలో ఇల్లు తప్పింది. పడగ్గది కిటికీ తెరుచుకోవడం లేదట, వెనక మెట్లకి చేతిపట్టు లేదట. ఓనరు ముఖం మాడ్చుకుంటుందేమో, ఇక ఇదీ పోయిందనుకున్నాను. ఆవిడ మనవణ్ణి పిలిచి, పక్కన నిలబడి, తిడుతూ తిడుతూ రెండూ చేయించింది. రెండో తనిఖీలో పాసైంది.

రెండు పడగ్గదులు. కెజాయా గదికి తలుపుంది. మొదటి రోజు అది తలుపు వేసుకోవడం, తీసుకోవడం, వేసుకోవడం. ఈ నెలలో మందు పీల్చాల్సిన అవసరం రాలేదు.

ఒక సంగతి నేనే చెప్తాను, ప్యూర్విస్ గారి ద్వారా కాకుండా. లీజులో ఒక నిబంధన ఉంది. చుట్టాలు వచ్చి పడుకోవచ్చు గానీ ఏడాది మొత్తం మీద పద్నాలుగు రోజులకి మించకూడదు. మించితే ఇంట్లో ఉంటున్నట్టే లెక్క. అప్పుడు వోచరు పోతుంది. కాబట్టి నువ్వు చుట్టానివి. నా ఇంటికి నా తమ్ముడు చుట్టం. రాస్తుంటేనే నోరు చేదుగా ఉంది.

అయినా రా. ఎప్పుడొస్తావో రాయి.

నీ అక్క

---

మిషన్ నుంచి,
సెప్టెంబరు 9

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందే వచ్చి మంచం మీద ఉంది. ఇక్కడి పెద్దాయన 'నీకు మనుషులున్నారన్నమాట' అన్నాడు.

టైర్ల షాపులో పని దొరికింది. గోళ్ళలో నలుపు పోదు గానీ ఓనరు మంచివాడు. రోడ్డు దాటడం మాత్రం మళ్ళీ నేర్చుకుంటున్నాను. బండ్లు ఇంత వేగంగా వెళ్ళేవా అప్పట్లో?

ఆఫీసరు అనుమతి ఇచ్చాడు. వచ్చే నెల మొదటి శనివారం బస్సులో వచ్చి ఆదివారం ఒక్క రాత్రి పడుకుని సోమవారం... కాదు, శనివారం రాత్రి ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళిపోతాను. రోజులు జాగ్రత్తగా వాడుకోవాలి.

వీధిలో వాళ్ళు చూసి ఎవరైనా ఆఫీసుకి ఫోను చేస్తారా? అలా అయితే వెనక మెట్ల వైపు నుంచి వస్తాను. చేతిపట్టు పెట్టించావుగా.

క్లీ

---

కాటన్ స్ట్రీట్, బెల్‌ఫోర్డ్,
అక్టోబరు 10

ఒరే తమ్ముడూ,

క్షేమంగా చేరావని నీ మిషన్ పెద్దాయన ఫోనులో చెప్పాడు. నువ్వే చేసి ఉండచ్చు.

చేపలు బాగా వేయించావు. పదకొండేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు. కెజాయా నీ పన్నెండో ఎక్కం తప్పని నిరూపించి ఎంత పొంగిపోయిందో! వీధిలో ఎవరూ ఏమీ అనలేదు. పెటవే గారు కూడా కిటికీలోంచి చెయ్యి ఊపింది. ముందు గుమ్మంలోంచే వచ్చావు, అది బాగుంది. నేను గట్టిగా పట్టుబట్టాను గనకే అనుకో.

ఒక గొడవ ఉంది నీతో. ఆదివారం పొద్దున నేను చర్చికి తయారవుతుంటే, నువ్వు సోఫా మీది దుప్పటి మడిచావు. మడిచావంటే, షాపులో కొత్తదానిలా మడిచి, అలమరలో నేను ఎక్కడ పెడతానో అక్కడే పెట్టేశావు. దిండు నా మంచం మీదికి చేరిపోయింది. నువ్వు తాగిన కప్పు కడిగి, తుడిచి, మిగతా కప్పుల వెనక బోర్లించావు. స్నానాలగదిలో నీ బ్రష్షు లేదు. చెత్తబుట్టలో నీ బస్సు టికెట్టు కూడా లేదు. అదీ జేబులో పెట్టుకెళ్ళావు కదూ? సోఫా మీద నీ తల ఆనిన చోట గుంట పడితే, దాన్ని కూడా చేత్తో తట్టి సరిచేశావు. నేను తలుపు సందులోంచి చూశాను. తనిఖీకి ఎవరైనా వస్తే నా ఇల్లు పోకూడదని చేశావు. నాకు తెలుసు.

కెజాయా పొద్దున్నే స్నేహితురాలింటికి వెళ్ళింది కదా, నీకు వీడ్కోలు చెప్పలేదు. సాయంత్రం వచ్చి ముందుగదిలో నిలబడి అంతా వెతికినట్టు చూసింది. వంటిల్లు చూసింది, స్నానాలగది చూసింది. అప్పుడు అడిగింది: 'అమ్మా, మామయ్య నిజంగా వచ్చాడా?'

వచ్చాడే, నీకు లెక్కలు చెప్పాడు కదా, అన్నాను. గుర్తుంది, కానీ ఎక్కడా ఏమీ లేదేంటి, అంది.

క్లీ, కాగితం మీద నిన్ను కొట్టేసింది చాలు. మళ్ళీ నవంబరులో వస్తావుగా. పద్నాలుగు రోజుల సంగతి నేను చూసుకుంటాను, అది నా పని. నువ్వు మాత్రం వెళ్ళేటప్పుడు ఇక్కడ ఏదైనా ఒకటి మర్చిపోయి వెళ్ళు. ఒక మేజోడైనా సరే.

నీ అక్క,
ఆర్డీలియా